సీపాప్ చికిత్స కొనసాగింపు

నిద్రలో గొంతు పదేపదే మూసుకుపోయి ఊపిరి ఆగిపోయే జబ్బును స్లీప్ ఆప్నియా అంటారు. ముఖానికి తగిలించిన మాస్కు ద్వారా నిలకడైన పీడనంతో గాలిని పంపి, ఆ గొంతును రాత్రంతా తెరిచి ఉంచే యంత్రం పేరు సీపాప్. రోగి ఆ యంత్రాన్ని ఏ రాత్రీ తప్పకుండా, నెలలూ సంవత్సరాలూ వాడుతూ ఉండటాన్నీ, అందుకు వైద్యులు, సాంకేతిక నిపుణులు, ఇంటివారు చేసే సహాయాన్నీ కలిపి చికిత్స కొనసాగింపుగా పరిగణిస్తారు. ఒక యంత్రం వాడకానికి ఇంత ప్రాధాన్యం ఎందుకంటే, సీపాప్ జబ్బును నయం చేయదు. కళ్లజోడు పెట్టుకున్నంతసేపే చూపు స్పష్టంగా ఉన్నట్టు, మాస్కు ముఖాన ఉన్నంతసేపే ఊపిరి సాఫీగా సాగుతుంది, తీసేస్తే జబ్బు మళ్లీ మొదటికి వస్తుంది. పెట్టుకుంటే దాదాపు అందరికీ పనిచేసే ఈ చికిత్స, పెట్టుకోలేక మానేసేవారి సంఖ్య మూలంగా మూడింట ఒక వంతుకు పైగా రోగులకు సరిగా అందడం లేదు. దీనికి రోగి మొండితనమో బద్ధకమో కారణమని చాలాకాలం అనుకున్నారు. ఇప్పుడున్న ఆధారాలను బట్టి చూస్తే, యంత్రం ఇంటికి వచ్చిన తొలి ఒకటి రెండు వారాల్లో రోగికి ఎలాంటి సహాయం దొరికిందన్నదానికే ఎక్కువ ప్రాధాన్యం ఇవ్వవలసి ఉంటుంది.

జబ్బు స్వభావం

మెలకువలో ఉన్నప్పుడు నాలుక మొదలు, అంగిలి వెనుక మెత్తని భాగం, కొండనాలుక చుట్టూ ఉన్న కండరాలు బిగువుగా ఉండి గాలిదారిని తెరిచి ఉంచుతాయి. నిద్రలో ఈ బిగువు సడలుతుంది. మెడ చుట్టూ కొవ్వు పేరుకున్నవారిలో, కింది దవడ చిన్నదిగానో వెనక్కి జరిగినట్టో ఉన్నవారిలో, టాన్సిల్స్ పెద్దవైనవారిలో ఇలా సడలిన గొంతు మూసుకుపోతుంది. గాలి రాకపోకలు కనీసం 10 సెకన్లు ఆగితే ఆప్నియా అనీ, పూర్తిగా ఆగకపోయినా బాగా తగ్గి రక్తంలో ఆక్సిజన్ పడిపోవడమో నిద్ర చెదరడమో జరిగితే హైపాప్నియా అనీ అంటారు. ఈ రెండూ కలిపి గంటకు సగటున ఎన్నిసార్లు వస్తున్నాయో చెప్పే అంకె ఆప్నియా-హైపాప్నియా సూచిక. పెద్దవారిలో అది 5 నుంచి 15 లోపు ఉంటే జబ్బు స్వల్పమనీ, 15 నుంచి 30 లోపు ఉంటే మధ్యస్థమనీ, 30 గానీ అంతకు మించి గానీ ఉంటే తీవ్రమనీ లెక్క. అంటే తీవ్రమైన జబ్బున్న మనిషికి కనీసం రెండు నిమిషాలకొకసారి ఊపిరి అడ్డుపడుతుంది, చాలాసార్లు మెదడు ఉలిక్కిపడి గొంతును తెరిపిస్తే గాని గాలి ఆడదు. ఈ ఉలికిపాట్లలో చాలావరకు తెల్లవారాక రోగికి గుర్తుండవు.

గుర్తుండేవి వేరే ఉంటాయి: పగటిపూట ఆగని కునికిపాట్లు, పొద్దున్నే తలనొప్పి, రాత్రి పలుమార్లు మూత్రానికి లేవడం, మందులకు లొంగని రక్తపోటు. పగటి మత్తును కొలవడానికి మెల్‌బోర్న్‌కు చెందిన వైద్యుడు మర్రే జాన్స్ 1991లో రూపొందించిన ఎప్‌వర్త్ ప్రశ్నావళిని ప్రపంచమంతా వాడుతున్నారు. చదువుతున్నప్పుడు, టీవీ చూస్తున్నప్పుడు, భోజనం తరువాత కూర్చున్నప్పుడు, ఇలా 8 సందర్భాల్లో నిద్ర ముంచుకొచ్చే అవకాశం ఎంతో రోగి చెప్పిన సమాధానాలకు 24కు మార్కులు వేస్తారు, 10 దాటితే మత్తు ఎక్కువగా ఉన్నట్టు. గుర్రుపెట్టి పడుకుంటే హాయిగా నిద్రపట్టినట్టేనన్న నమ్మకం తెలుగు ఇళ్లలో బలంగా ఉంది, సినిమాల్లో గురక నవ్వు పుట్టించడానికే పనికొస్తుంది. ఈ నమ్మకం జబ్బు గుర్తింపును ఆలస్యం చేయడంతో ఊరుకోదు. తన నిద్ర బాగానే ఉందనుకునే రోగి, తాను ఎన్నడూ చూడని జబ్బుకు పక్కన పడుకున్నవారి మాట మీద యంత్రం పెట్టుకోవలసి రావడం చికిత్సకు మొదటి చిక్కు.

2019లో వెలువడిన ఒక అంచనా ప్రకారం 30 నుంచి 69 ఏళ్ల వయసువారిలో ప్రపంచవ్యాప్తంగా 93 కోట్లకు పైగా మందికి ఈ జబ్బు ఏదో ఒక స్థాయిలో ఉంది, అందులో 42 కోట్లకు పైగా మందికి అది మధ్యస్థంగానో తీవ్రంగానో ఉంది. మన దేశంలో తొలి అధ్యయనాల్లో ఒకటి, ముంబైలో నడివయసు పురుషులపై జరిపి 2004లో ప్రచురించినది, వారిలో 7.5 శాతం మందికి పగటి మత్తుతో కూడిన స్లీప్ ఆప్నియా ఉన్నట్టు తేల్చింది.

యంత్రం పుట్టుక

నిద్రలో ఊపిరి ఆగడాన్ని ఫ్రెంచ్, జర్మన్ శాస్త్రవేత్తలు 1965లో విడివిడిగా నమోదు చేశారు. ఆ తరువాత దాదాపు పదిహేనేళ్లు తీవ్రమైన జబ్బుకు నమ్మదగిన చికిత్స ఒక్కటే: గొంతు కింద శ్వాసనాళానికి రంధ్రం చేసి గొట్టం అమర్చే ట్రాకియాస్టమీ. సిడ్నీలో కోలిన్ సల్లివన్ బృందం ముక్కు ద్వారా గాలిని కొద్దిపాటి పీడనంతో పంపితే గొంతు గోడలు ఆ గాలి ఆనికతో కూలకుండా నిలుస్తాయని గ్రహించి, అయిదుగురు రోగులపై సాధించిన ఫలితాన్ని 1981లో లాన్సెట్ పత్రికలో ప్రకటించింది. ఆ తొలి యంత్రాల్లో వాక్యూమ్ క్లీనర్ మోటార్లు వాడారు. ప్రతి రోగి ముక్కుకూ అచ్చు తీసి మాస్కు పోతపోసి, రోజూ రాత్రి దాన్ని సిలికాన్ జిగురుతో ముఖానికి అతికించేవారు, పొద్దున పీకేసేవారు. మోటారు చప్పుడుకు పక్కగదిలోనూ నిద్రపట్టని ఆ యంత్రాన్ని కూడా కొందరు ఏళ్ల తరబడి వాడారంటే, పగటి మత్తు వదిలిన అనుభవం ఎంత బలమైనదో ఊహించవచ్చు.

నేటి యంత్రం పుస్తకమంత పరిమాణంలో, దాదాపు చప్పుడు లేకుండా పనిచేస్తుంది. అది పంపే గాలి పీడనాన్ని నీటిమట్టం సెంటీమీటర్లలో కొలుస్తారు. సాధారణంగా 4 నుంచి 20 వరకు అమర్చుకోవచ్చు. రాత్రంతా ఒకే పీడనంతో నడిచేది మామూలు సీపాప్ కాగా, గొంతు ఇరుకవుతున్న తీరును పసిగట్టి పీడనాన్ని తానే పెంచుకుంటూ తగ్గించుకుంటూ పోయేది ఆటో సీపాప్. ఊపిరి పీల్చేటప్పుడు ఎక్కువ, వదిలేటప్పుడు తక్కువ పీడనం ఇచ్చే బైపాప్‌ను వేరే అవసరాలకు వాడతారు. వీటిని ఆక్సిజన్ మిషన్ అనడం వాడుకలో ఉంది గాని అది పొరపాటు. సీపాప్ పంపేది గదిలోని గాలినే. ఆక్సిజన్ పెట్టే స్థితికి వచ్చామన్న భయంతోనే కొందరు దాన్ని ముట్టుకోరు కనుక ఈ పొరపాటును మొదటిరోజే సరిదిద్దడం అవసరం.

ఎంత వాడితే వాడినట్టు

రోగుల మాటకూ వాస్తవానికీ ఉన్న తేడా 1993లో అమెరికాలో క్రిబ్స్ బృందం చేసిన అధ్యయనంతో బయటపడింది. మాస్కులో పీడనాన్ని నిమిషనిమిషానికీ నమోదు చేసే పరికరం అమర్చిన 35 మందిలో, రోజూ పెట్టుకుంటున్నామని చెప్పినవారు 60 శాతం ఉండగా, 70 శాతం రోజుల్లో కనీసం 4 గంటలు వాడినవారు 46 శాతమే. ఆ అధ్యయనం సౌలభ్యం కోసం పెట్టుకున్న ఈ గీతే తరువాత ప్రమాణమైపోయింది. అమెరికా ప్రభుత్వ బీమా పథకం మెడికేర్ 2008 నుంచి, మొదటి మూడు నెలల్లో ఏదో ఒక వరుస 30 రోజుల వ్యవధిలో 70 శాతం రాత్రులు 4 గంటలకు తగ్గకుండా వాడినవారికే యంత్రం ఖర్చు భరించడం కొనసాగిస్తున్నది. 4 గంటల్లో వైద్యపరమైన మహత్తేమీ లేదు. టెర్రీ వీవర్ బృందం 2007లో చూపినట్టు, రోగి స్వయంగా చెప్పే మత్తు తగ్గడానికి 4 గంటల వాడకం, ప్రయోగశాలలో కొలిచిన మత్తు తగ్గడానికి 6 గంటలు, రోజువారీ పనితీరు మెరుగుపడటానికి 7.5 గంటల దాకా వాడకం మెరుగుదలతో ముడిపడి ఉంది. వాడిన కొద్దీ లాభం పెరుగుతూ పోతుందే గాని ఒకచోట తలుపు తెరుచుకోదు. పైగా కలలు వచ్చే దశ రాత్రి చివరి భాగంలో ఎక్కువ, ఆ దశలో కండరాలు మరీ సడలి చాలామందికి ఊపిరి ఎక్కువసార్లు ఆగుతుంది. పదకొండుకు పెట్టుకుని మూడింటికి మాస్కు తీసేసేవారు లెక్కప్రకారం ఉత్తీర్ణులే అయినా, ప్రమాదం ఎక్కువైన వేళను వదిలేసినవారవుతారు.

ఇరవై ఏళ్ల అధ్యయనాలను కలిపి 2016లో చేసిన సమీక్షలో చికిత్సను సరిగా పాటించనివారు సగటున 34 శాతంగా తేలారు. యంత్రాలు చిన్నవై, చప్పుడు తగ్గి, మాస్కులు మెత్తనైనా ఈ శాతం రెండు దశాబ్దాల్లో కదలలేదు. ఫ్రాన్స్‌లో 4 లక్షలకు పైగా రోగుల బీమా రికార్డులు పరిశీలిస్తే, ఏడాది గడిచేసరికి 23 శాతం, మూడేళ్లు గడిచేసరికి దాదాపు 48 శాతం మంది యంత్రం మానేసినట్టు కనిపించింది.

వాడకం తగ్గితే పరిశోధన ఫలితాలే తారుమారయ్యే పరిస్థితి. గుండెజబ్బో పక్షవాతమో ఉన్న 2,717 మంది స్లీప్ ఆప్నియా రోగులతో, భారత్ సహా 7 దేశాల్లో జరిగి 2016లో ప్రచురితమైన సేవ్ ప్రయోగంలో, సీపాప్ వాడినవారిలో గుండెపోట్లు, పక్షవాతాలు తగ్గలేదు. అయితే వారి సగటు వాడకం రాత్రికి 3.3 గంటలే. ఇలాంటి ప్రయోగాల రోగుల వివరాలన్నీ కలిపి 2023లో విశ్లేషించినప్పుడు, 4 గంటలు, అంతకు మించి వాడినవారిలో ఆ ముప్పు తక్కువగా కనిపించింది. యంత్రాన్ని శ్రద్ధగా వాడేవారు మందులూ తిండీ కూడా శ్రద్ధగా చూసుకునేవారే కావచ్చు గనుక, ఈ తేడా మొత్తాన్ని సీపాప్ ఖాతాలో వేయడం తొందరపాటు. ప్రమాదాల విషయంలో అంత సందేహం లేదు: అమెరికాలో ఒక పెద్ద సరకు రవాణా సంస్థ లారీ డ్రైవర్లపై 2016లో వచ్చిన అధ్యయనంలో, చికిత్సను అసలు పాటించని డ్రైవర్ల నివారించదగిన తీవ్ర ప్రమాదాల రేటు, జబ్బు లేని డ్రైవర్లకంటే 5 రెట్లు ఎక్కువ.

మానేయడానికి కారణాలు

జబ్బు ఎంత తీవ్రమైతే వాడకం అంత ఎక్కువగా ఉంటుందన్నది సహజంగా తోచే ఊహ, కాని ఆ సంబంధం బలహీనం. పగటి మత్తు బాగా ఉండి, యంత్రంతో అది వదిలినట్టు స్వయంగా తెలిసినవారు కొనసాగిస్తారు. గుండె కోసమో రక్తపోటు కోసమో పెట్టుకోమంటే పెట్టుకున్నవారికి మర్నాడు తేడా ఏమీ తెలియదు కనుక త్వరగా విసుగు పుడుతుంది.

ముక్కు ఎండిపోవడం, దిబ్బడ, తుమ్ములు, ముక్కు దూలం మీద పుండు, నోరు ఎండటం, మాస్కు అంచునుంచి గాలి కారి కళ్లు ఎర్రబడటం, గాలి మింగి కడుపుబ్బరం చేయడం శరీరానికి సంబంధించిన ఇబ్బందులు. వీటిలో ప్రతిదానికీ విరుగుడు ఉంది, చెప్పేవారు లేకపోవడమే లోటు. ముఖం మూసేసినట్టు, ఊపిరాడనట్టు కలిగే గాభరా ఇంకా బలమైన కారణం. ఇరుకు చోట్లంటే భయం ఉన్నవారిలో వాడకం తక్కువగా ఉంటుందని పరిశోధనలు చూపాయి. స్లీప్ ఆప్నియా రోగుల్లో మూడోవంతు నుంచి సగం మంది దాకా నిద్రపట్టకపోవడం, నడిరాత్రి మెలకువ వచ్చి మళ్లీ పట్టకపోవడం అనే లక్షణాలు కూడా ఉంటాయి. అసలే నిద్రకు తడుముకునే మనిషి ముఖానికి మాస్కు కడితే మెలకువగా పడుకుని గాలి చప్పుడు వింటూ ఉంటాడు.

మనసుకు, ఇంటికి సంబంధించినవి పైకి చెప్పుకోనివి. కొత్తగా పెళ్లయినవారు మాస్కుతో కనిపించడానికి సిగ్గుపడతారు; పెళ్లికి వెళ్లి బంధువులందరితో హాల్లో చాపల మీద పడుకోవలసిన రాత్రి యంత్రం సంచి విప్పరు, ఆ ఒక్క రాత్రి వారమవుతుంది. వేసవిలో కరెంటు పోతే యంత్రం ఆగుతుంది. మాస్కుకు ఉన్న చిన్న రంధ్రాల వల్ల, నోరూ ముక్కూ కప్పే మాస్కుల్లో అదనపు కవాటం వల్ల ఊపిరి ఆడకపోవడం ఉండదు గాని, ఆ భయం ఒకసారి పట్టుకుంటే వదలదు. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో యంత్రం ప్లగ్గును ఆ లైనుకు మార్చితే ఈ సమస్య చాలావరకు తీరుతుంది. గాలికి తేమ కలిపే పాత్ర వేడి ఎక్కువ కరెంటు లాగుతుంది కనుక కరెంటు కోతల రోజుల్లో దాన్ని తగ్గించుకోవచ్చు.

మొదటి వారం

ఎవరు కొనసాగిస్తారు, ఎవరు మానేస్తారు అన్న తేడా మొదటి వారంలోనే, కొన్ని అధ్యయనాల్లో నాలుగో రాత్రికే బయటపడింది. అందువల్ల సహాయమంతా ముందే అందాలి. మూడు నెలలకు రమ్మని చీటీ రాసివ్వడం వల్ల ప్రయోజనం స్వల్పం.

సహాయం మాస్కు ఎంపికతో మొదలవుతుంది. ముక్కు రంధ్రాల దగ్గర మాత్రమే ఆనేది, ముక్కును కప్పేది, ముక్కూ నోరూ కలిపి కప్పేది అని మూడు ప్రధాన రకాలు. నోటితో ఊపిరి తీసుకుంటున్నారని మూడో రకాన్ని ముందే అంటగట్టడం మన దుకాణాల్లో మామూలు; కాని దానితో గాలి కారడమూ, కావలసిన పీడనమూ పెరిగి, వాడకం తగ్గుతుందని చాలా పరిశీలనలు చెబుతున్నాయి. ముక్కు దిబ్బడకు చికిత్స చేస్తే నోరు తానే మూసుకునేవారు ఎందరో ఉన్నారు కనుక, ముక్కు మాస్కుతో మొదలుపెట్టడమే మేలు. కొలత కూర్చోబెట్టి తీస్తే సరిపోదు. రోగిని పడుకోబెట్టి, రాత్రి వాడే పీడనం పెట్టి, పక్కకు తిప్పి చూడాలి, ఎందుకంటే పడుకున్నప్పుడు చెంపల ఆకారం మారుతుంది. గాలి కారుతోందని పట్టీలు బిగించడం అందరూ చేసే పొరపాటు. మాస్కు అంచున ఉన్న పలుచని సిలికాన్ పొర గాలితో పొంగి చర్మానికి అతుక్కోవాలి, బిగిస్తే అది మడతపడి మరింత కారుతుంది, దూలం మీద పుండు పడేదీ అప్పుడే. మాస్కును ముఖం నుంచి కాస్త పైకి లాగి, గాలితో పొంగనిచ్చి, మెల్లగా వదిలితే చాలాసార్లు సర్దుకుంటుంది. తలకు కొబ్బరినూనె రాసుకుని పడుకునే అలవాటు ఉన్నవారిలో నూనె పట్టీలకూ సిలికాన్‌కూ పట్టి మాస్కు జారుతుంది, అంచు త్వరగా పాడవుతుంది. నూనె పొద్దున రాసుకుని, పడుకునేముందు ముఖం సబ్బుతో కడుక్కుంటే ఈ గొడవ ఉండదు. గుబురు మీసాలున్నవారికి ముక్కు రంధ్రాల దగ్గర ఆనే రకం కుదురుతుంది, మీసం తీయనక్కరలేదు.

గాభరా పడేవారికి అలవాటు చేసే పద్ధతి ఒకటి ఉంది. మొదట యంత్రం లేకుండా, పగటిపూట, టీవీ చూస్తూ మాస్కును చేత్తో ముఖానికి ఆనించి ఉంచుకోవాలి. ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసేయగలనన్న ధీమా కలిగాక పట్టీలు పెట్టుకోవాలి, ఆ తరువాత తక్కువ పీడనంతో గాలి, ఆ తరువాత మధ్యాహ్నం కునుకు, చివరకు రాత్రి. ఒక మెట్టు మీద గాభరా తగ్గే దాకా తరువాతి మెట్టు ఎక్కకూడదు. పది నిమిషాల్లో మాస్కు తొడిగి, రసీదు ఇచ్చి వెళ్లిపోయే టెక్నీషియన్ ఇది నేర్పలేడు.

ముక్కు ఎండటానికి గాలిని వెచ్చబరిచి తేమ కలిపే పాత్ర, దిబ్బడకు ఉప్పునీటి స్ప్రే లేదా వైద్యుడు రాసిన స్టెరాయిడ్ స్ప్రే వాడతారు. ఏసీ గదిలో గొట్టం చల్లబడి లోపల నీటిబొట్లు చేరి ముఖం మీద పడితే తేమ తగ్గించడమో, గొట్టానికి గుడ్డ తొడగడమో, వెచ్చబరిచే గొట్టం వాడటమో చేయాలి. తేమపాత్రలో డిస్టిల్డ్ వాటర్ పోయాలి. బోరునీరు పోస్తే తెల్లని పొర కడుతుంది. నిద్రపట్టేదాకా పీడనాన్ని తక్కువగా ఉంచి క్రమంగా పెంచే ర్యాంప్ అనే ఏర్పాటు చాలా యంత్రాల్లో ఉంటుంది, అయితే దాన్ని మరీ తక్కువ పీడనంతో మొదలుపెడితే గాలి చాలనట్టనిపించి అదే గాభరాకు కారణం కావచ్చు.

మాట సాయం

యంత్రంలోని మార్పులకంటే మనుషులు ఇచ్చే సహాయమే ఎక్కువ పనిచేస్తుందన్నది ఈ రంగంలోని గట్టి నిర్ధారణల్లో ఒకటి. 41 అధ్యయనాలను, 9 వేలకు పైగా రోగులను కలిపి కాక్రేన్ సంస్థ 2020లో ప్రచురించిన సమీక్షలో, జబ్బు గురించి, యంత్రం గురించి వివరంగా చెప్పడం వల్ల వాడకం రాత్రికి సగటున 0.85 గంట, తరచూ పలకరించి ఇబ్బందులు తీర్చడం వల్ల 0.70 గంట, ప్రవర్తన చికిత్స వల్ల 1.31 గంటలు పెరిగింది. ప్రవర్తన చికిత్సలో ముఖ్యమైనది కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, అంటే తప్పుడు భయాలను గుర్తించి వాటిని ఆలోచనతోనూ అభ్యాసంతోనూ తొలగించే మనోవైద్య పద్ధతి. సిడ్నీలో 2007లో 100 మందిపై జరిగిన ప్రయోగంలో, ఒక్కొక్కటి గంటసేపు సాగిన రెండు బృంద సమావేశాలకు వచ్చినవారు నెల తిరిగేసరికి మామూలు వైద్యం పొందినవారికంటే రాత్రికి దాదాపు 2.9 గంటలు ఎక్కువ వాడారు; అక్కడికి రోగులతోపాటు జీవిత భాగస్వాములనూ పిలిచారు.

ఈ పద్ధతుల వెనుక ఉన్న సూత్రం ఆల్బర్ట్ బందూరా ప్రతిపాదించిన స్వసామర్థ్య విశ్వాసం: ఒక పని తన వల్ల అవుతుందని మనిషి నమ్మినప్పుడే దాన్ని కష్టం వచ్చినా వదలడు. కాబట్టి వాడకపోతే గుండెపోటు వస్తుందని బెదిరించడం కంటే, నిన్న రెండు గంటలు పెట్టుకున్నారు, ఇవాళ రెండున్నర ప్రయత్నించండి అనడం మెరుగు. విలియం మిల్లర్, స్టీఫెన్ రోల్నిక్ రూపొందించిన ప్రేరణాత్మక సంభాషణ అనే పద్ధతి ఇంకో అడుగు వేసి, ఎందుకు వాడాలో రోగి నోటనే చెప్పిస్తుంది. భార్యాభర్తల పాత్ర ఇందులో సున్నితమైనది: తోడుగా ఉండి ఇబ్బంది అడిగి తీర్చడం మేలు చేస్తుంది, పెట్టుకున్నావా లేదా అని కాపలా కాయడం మేలు చేయదు. గురకకు విసిగి వేరే గదిలో పడుకునే భాగస్వామి, యంత్రం వచ్చాక తిరిగి అదే గదికి రావడమే చాలామంది రోగులకు మొదటి ఫలితంగా కనిపిస్తుంది.

దూరం నుంచి గమనింపు, యంత్రంలో మార్పులు

కొత్త యంత్రాలు మొబైల్ నెట్‌వర్క్ ద్వారా ప్రతి రాత్రి వివరాలను పంపుతాయి: ఎన్ని గంటలు వాడారు, ఎంత గాలి కారింది, ఊపిరి ఇంకా గంటకు ఎన్నిసార్లు ఆగుతోంది. చివరి అంకె 5 లోపు ఉంటే చికిత్స సరిగా సాగుతున్నట్టు. కాలిఫోర్నియాలో 1,455 మందిపై జరిపి 2018లో ప్రచురించిన ప్రయోగంలో, వాడకం తగ్గినప్పుడు యంత్రవివరాల ఆధారంగా దానంతట అదే రోగికి సందేశం వెళ్లే ఏర్పాటు, ఇంటర్నెట్ పాఠాలు రెండూ ఉన్నవారి సగటు వాడకం 4.8 గంటలు కాగా, రెండూ లేనివారిది 3.8 గంటలు, పాఠాలు మాత్రమే అందినవారిలో పెద్ద తేడా రాలేదు. ఈ వివరాలు రోగికి చెప్పి, అనుమతితో చూడాల్సినవే గాని, బీమా సంస్థ చేతిలో కొరడాగా మారితే రోగి మాస్కును మంచంపక్కన ఊదనిచ్చి నిద్రపోయే మార్గాలు వెతుక్కుంటాడు.

యంత్రాల తయారీదారులు ప్రచారం చేసే మెరుగుదలల ఫలితం అంతంతమాత్రం. ఆటో సీపాప్ వల్ల వాడకం రాత్రికి 0.21 గంట, అంటే దాదాపు 13 నిమిషాలు పెరిగింది. ఊపిరి వదిలేటప్పుడు పీడనం తగ్గించే ఏర్పాటు సౌకర్యమే గాని వాడకాన్ని పెంచినట్టు సమీక్షల్లో తేలలేదు. నిద్రలేమి కూడా ఉన్నవారికి ముందు దానికి ప్రవర్తన చికిత్స చేసి తరువాత సీపాప్ ఇస్తే వాడకం రాత్రికి గంట పెరిగిందని 2019లో ఆస్ట్రేలియా ప్రయోగం చూపగా, మరుసటి ఏడాది వచ్చిన అమెరికా ప్రయోగంలో అలాంటి తేడా కనబడలేదు. మొదటి రెండు వారాలు ఎస్జోపిక్లోన్ అనే నిద్రమాత్ర ఇస్తే ఆరు నెలలపాటు వాడకం మెరుగ్గా ఉందని 2009లో చూపిన అధ్యయనం వైద్యుల పర్యవేక్షణలో జరిగినది. అది చదివి సొంతంగా మాత్రలు మింగరాదు, మద్యమూ కొన్ని నిద్రమాత్రలూ గొంతు కండరాలను ఇంకా సడలిస్తాయి. 2021 జూన్‌లో ఫిలిప్స్ రెస్పిరానిక్స్ సంస్థ యంత్రాల లోపల చప్పుడు తగ్గించే ఫోమ్ పొడిపొడిగా రాలుతోందని ప్రపంచవ్యాప్తంగా లక్షలాది యంత్రాలను వెనక్కి పిలవడంతో, కొత్త యంత్రం అందేదాకా ఎందరో చికిత్స లేకుండా గడపవలసి వచ్చింది.

తెలుగు రాష్ట్రాల్లో పరిస్థితి

హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాల్లో నిద్ర పరీక్షలు, యంత్రాలు దొరుకుతున్నాయి. పరీక్షను ఇంట్లోనే చేసే వీలూ ఉంది. యంత్రం ధర పదుల వేల రూపాయల్లో ఉంటుంది, మాస్కులు, ఫిల్టర్ల ఖర్చు ఆపైన. ఆస్పత్రిలో చేరితేనే వర్తించే చాలా ఆరోగ్య బీమా పాలసీలు ఇంట్లో వాడే యంత్రానికి డబ్బివ్వవు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల పథకం సీజీహెచ్ఎస్ నిపుణుడి సిఫారసు మీద, పరిమితికి లోబడి తిరిగి చెల్లిస్తుంది. అప్పు చేసి కొన్నాక వాడలేకపోతే పరువు తక్కువని రోగి డాక్టరుకు చెప్పడు, డాక్టరు అడగడు. అమ్మకానికీ చికిత్సకూ మధ్య నిలబడవలసిన శిక్షణ పొందిన మనిషి చాలాచోట్ల లేడు. తెలుగులో మాట్లాడగల ఒక నర్సుకు మాస్కు అమర్చడం నేర్పి, మొదటి నెలలో నాలుగైదుసార్లు ఫోన్ చేయించడానికయ్యే ఖర్చు, మూలపడిన ఒక్క యంత్రం ధరతో పోలిస్తే బహు తక్కువ. కొనేముందు వారం పది రోజులు అద్దెకు తీసుకుని చూడటం రోగికి ఉన్న మంచి దారి, చాలామంది విక్రేతలు అందుకు ఒప్పుకుంటారు.

యంత్రం పడనివారికి

నిజాయితీగా ప్రయత్నించినా సీపాప్ సరిపడనివారు ఉంటారు. నిద్రలో కింది దవడను ముందుకు జరిపి ఉంచే దంత పరికరం ఆప్నియా-హైపాప్నియా సూచికను సీపాప్ తగ్గించినంతగా తగ్గించదు. అయినా సిడ్నీలో 2013లో జరిగిన ప్రయోగంలో నెల తరువాత రెండింటి ఆరోగ్య ఫలితాలు దాదాపు సమానంగా వచ్చాయి, రోగులు దంత పరికరాన్ని ఎక్కువ గంటలు వాడటమే అందుకు కారణమని పరిశోధకులు వివరించారు. నాలుకను కదిలించే నాడిని ప్రేరేపించే అమరికకు అమెరికాలో 2014లో, స్థూలకాయంతోపాటు మధ్యస్థ, తీవ్ర జబ్బున్న పెద్దవారికి టిర్జెపటైడ్ మందుకు 2024 డిసెంబరులో అనుమతి లభించింది. బరువు తగ్గడం అందరికీ వర్తించేదే: శరీర బరువు 10 శాతం తగ్గితే సూచిక సగటున 26 శాతం తగ్గుతుందని 2000లో వెలువడిన అమెరికా అధ్యయనం అంచనా వేసింది.

మానేసినవారిలో జబ్బు తిరగబెట్టడానికి ఎక్కువ కాలం పట్టదు. స్విట్జర్లాండ్‌లో క్రమం తప్పకుండా సీపాప్ వాడుతున్న రోగులకు రెండు వారాలు దాన్ని ఆపి చూసిన 2011 నాటి ప్రయోగంలో ఊపిరి ఆగడం కొద్ది రోజుల్లోనే తిరిగి వచ్చింది, ఉదయపు పైరక్తపోటు సగటున 8.5 మిల్లీమీటర్లు పెరిగింది. అలాగే తిరిగి మొదలుపెట్టడానికీ కాలదోషం లేదు. ఏళ్ల క్రితం అటకెక్కించిన యంత్రాన్ని దింపేముందు ఫిల్టరూ మాస్కు అంచూ మార్చి, ఆ మోడల్‌ను కంపెనీ వెనక్కి పిలిచిందేమో విచారించి, మారిన బరువును బట్టి పీడనాన్ని వైద్యుడి చేత మళ్లీ సరిచూపించుకుని వాడటం మొదలుపెట్టాలి.